గిరి వదిలిన కుర్చీ, అడిగిన బల్ల

బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలపై లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ (కార్మిక వివాదాల్లో అప్పీళ్లు వినే న్యాయస్థానం) ఇచ్చిన తీర్పును 1954లో కేంద్ర ప్రభుత్వం సవరించింది. ఉద్యోగులకు దక్కాల్సిన దాంట్లో కోత పడింది. అప్పటి కేంద్ర కార్మిక మంత్రి వి.వి.గిరి దాన్ని సమర్థించలేక రాజీనామా చేశారు. చివరికి ఆ వ్యవహారం మీద ప్రభుత్వం కమిషన్ వేయక తప్పలేదు.

బరంపురంలో 1894లో పుట్టిన గిరి డబ్లిన్‌లో లా చదివారు. ఐరిష్ స్వాతంత్ర్య పోరాటం సెగ తగిలి 1916లో తిరిగొచ్చారు. హాయిగా వకీలుగా స్థిరపడొచ్చు. ఆయన మాత్రం రైల్వే కార్మికుల్లోకి వెళ్లారు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాలు ఊడినవారి కోసం శాంతియుతంగా సమ్మె నడిపి, కంపెనీని దిగొచ్చేలా చేశారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజానే ఓడించి, మద్రాసు మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టారు.

మంత్రయ్యాకా ఆయన యూనియన్ మనిషిగానే ఆలోచించారు. ప్రభుత్వం, యాజమాన్యాలు, కార్మిక సంఘాలు ఒకచోట కూర్చునే వేదిక ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్. 1952లో నైనిటాల్‌లో జరిగిన ఆ కాన్ఫరెన్స్‌లో ఆయన పట్టుబట్టింది ఒక్కటే: యాజమాన్యం, కార్మికులు నేరుగా కూర్చుని తేల్చుకోవాలి. ప్రతి తగాదానూ ట్రిబ్యునల్‌కు పంపితే ఏమవుతుంది? వాయిదాల మీద వాయిదాలు పడతాయి, లాయర్లకు పని దొరుకుతుంది, సంఘం ఫైళ్లు మోసే ఆఫీసుగా మిగులుతుంది. చర్చల్లో కూర్చున్న నాయకుడైతే సాయంత్రం గేట్ మీటింగ్‌లో నిలబడి, ఏం ఒప్పుకున్నాడో, ఏం వదులుకున్నాడో కార్మికులకు చెప్పుకోవాలి. ఆ జవాబుదారీతనంలోనే సంఘానికి బలం. గిరి చెప్పినదాంట్లో మాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే.

ఆయన జీవితంలో మింగుడుపడని ఘట్టమూ ఉంది. 1974 మేలో రైల్వే సమ్మెను అణచడానికి వేలాదిమందిని జైళ్లలో పెట్టినప్పుడు రాష్ట్రపతి గిరే. సమ్మెలో ముందున్నది ఆయన పెంచిన ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషనే. మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలన్నది నిజమే. అయినా ఆ జైళ్ల సంగతి పక్కనపెట్టి ఆయనకు నివాళి రాయడం మాకు చేతకాదు.

2020లో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసివ్వాలి. రాజీ చర్చలు నడుస్తుంటే సమ్మెకు వీల్లేదు. కార్మికుడి చేతులు ఇంతగా కట్టేసే చట్టం గురించి కార్మికుడితో మాట్లాడొద్దా? 2015 జులై తర్వాత ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్‌ను పిలవకుండానే దీంతో సహా, పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లూ పార్లమెంటు దాటాయి. కేంద్రం ఆ కాన్ఫరెన్స్‌ను వెంటనే పిలవాలి. కాంట్రాక్టు కార్మికుల సంఘాలకు చర్చల్లో చోటు కల్పించడాన్ని ఎజెండాలో మొదటి అంశంగా పెట్టాలి.