అట్ట మీద ఏమని వేయమంటారు?

సాహిత్య ప్రక్రియలను గుర్తుపట్టడం కష్టమని విద్యార్థులు, కొత్త పాఠకులు వాపోతూ ఉంటారు. నిజానికి ఇందులో కష్టం రవ్వంత కూడా లేదు. పుస్తకం అట్ట చూస్తే చాలు. నవల అని ఉంటే అది నవల, కథలు అని ఉంటే అవి కథలు. అట్టను కాదని లోపలి పుటల్లోకి దిగి, రచన స్వభావాన్ని బట్టి ప్రక్రియను తేల్చబోయినవారే తరతరాలుగా చిక్కుల్లో పడుతున్నారు.

సంస్కృతంలో కావ్య లక్షణాలు చెప్పిన ప్రాచీన లాక్షణికుడు దండి అలా దిగినవాడే. సంస్కృత గద్యంలో కథ, ఆఖ్యాయిక అని రెండు తెగలుండేవి. మరో లాక్షణికుడు భామహుని లెక్కలో నాయకుడు తన వృత్తాంతాన్ని తానే చెప్పుకుంటే ఆఖ్యాయిక, ఇతరులు చెబితే కథ. ఆఖ్యాయికలో భాగాలను ఉచ్ఛ్వాసాలనాలి, నడుమ నడుమ వక్త్రమనే ఛందస్సు రావాలి. చెప్పేది ఎవరైతేనేం, భాగాన్ని ఏ పేరుతో పిలిస్తేనేం, రెండూ ఒకే జాతి, పేర్లు మాత్రమే రెండు అని దండి కావ్యాదర్శంలో తేల్చి పారేశాడు. ఈ మాటను ఎవరైనా మనసుకు పట్టించుకుని ఉంటే ఈనాడు పోటీల్లో విభాగాలు, విభాగాలకు న్యాయనిర్ణేతలు, న్యాయనిర్ణేతలకు శాలువాలు అన్నీ సగానికి సగం పడిపోయి ఉండేవి. అదృష్టవశాత్తు మనకు లాక్షణికులను గౌరవించే అలవాటే గాని వారి మాట వినే అలవాటు లేదు.

పేరు లేకపోతే ప్రక్రియ బతకదనే వారికి మాత్రం కందుకూరి వీరేశలింగం కొంత ఇబ్బంది కలిగించారు. 1878లో రాజశేఖర చరిత్రము ధారావాహికగా వెలువడే నాటికి నవల అన్న మాట తెలుగులో స్థిరపడలేదు. ఆయన దానిని వచన ప్రబంధమన్నారు. తర్వాత దానిని విమర్శిస్తూ కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి వాడిన నవల అన్న మాట నిలిచిపోయింది. అంటే తానేమిటో తెలియకుండానే ఆ పుస్తకం అచ్చయి, పాఠకుల చేతికి చేరి, వాదవివాదాలు కూడా రేపింది. ఇప్పటి రచయితలు ఇంత సాహసం చేయరు. ముందు పేరు పెట్టి, ఆవిష్కరణ సభ జరిపి, వీలు చిక్కినప్పుడు రచన చేస్తున్నారు.

ఇక పాఠకుని సౌకర్యార్థం ఒక చిన్న ప్రయోగం చేసి చూపుతాను. వాన వెలిసిపోయింది గాని మా చూరు ఇంకా కారుతూనే ఉంది. ఇది నా దినచర్య పుస్తకంలోని వాక్యం. ఇందులో ఫిర్యాదు తప్ప సాహిత్యం లేదు. దీనినే ఇలా రాద్దాం.

వాన వెలిసిపోయింది
గాని
మా చూరు ఇంకా
కారుతూనే ఉంది

కవి ఎన్. గోపి ప్రవేశపెట్టిన నానీ అనే చిట్టి కవితకు నాలుగు పాదాలు, 20 నుంచి 25 వరకు అక్షరాలు ఉండాలి. లెక్కించాను, 21 ఉన్నాయి. అక్షరం కూడా మారకుండా ఫిర్యాదు కవిత్వమైంది. రెండో పాదంలో ఒంటరిగా నిలబడ్డ ఆ గాని ఎంత వేదనతో కనిపిస్తున్నదో గమనించండి. వాక్యంలో ఉన్నంతకాలం దానిని ఎవరూ పలకరించలేదు. ఆశ పెరిగి గాని, ఇంకా అన్న రెండు మాటలూ తీసేస్తే సరిగ్గా 17 అక్షరాలు మిగిలాయి, అంటే జపాను వారి మూడు పాదాల కవిత హైకూ. కాకపోతే 5-7-5గా రావలసిన పాదాలు 5-6-6గా వచ్చాయి. ఒక అక్షరం కింది పాదంలోకి జారిపోయింది. చూరు కారుతున్నప్పుడు అక్షరం జారడం సహజం కనుక దీనిని ప్రయోగంగా ప్రకటిస్తున్నాను.

కంద పద్యంతో మాత్రం ఇలాంటి చనువు కుదరదు. బేసి గణం జగణం కారాదు, ఆరో గణం నలమో జగణమో అయి తీరాలి, ఆపైన యతి, ప్రాస. అట్ట మీద ఏమని వేసినా లోపల గణం తప్పితే దొరికిపోతారు. ఇంత ఆతిథ్యం లేని ప్రక్రియను జనం తగ్గించుకోవడంలో వింతేముంది? శతకం కొంత నయం. ఆటవెలదిలో నాలుగో పాదం మకుటమైతే, కలం తెరవక ముందే గ్రంథంలో నాలుగో వంతు పూర్తయినట్టే.

చిన్న కథను నిర్వచించిన వారిలో అమెరికన్ రచయిత ఎడ్గార్ అలెన్ పో అందరికీ గుర్తుంటాడు. 1842లో రాసిన ఒక సమీక్షలో, చదవడానికి అరగంట నుంచి రెండు గంటల దాకా పట్టే వచన రచన అని ఆయన లెక్క చెప్పాడు. ఆ ప్రకారం నిదానంగా చదివేవారి చేతిలో కథ నవలిక అవుతుంది, కునుకు తీసేవారి చేతిలో బృహన్నవల అవుతుంది. నాకు తెలిసిన కథలు కొన్ని రెండో పుటలోనే ఆ స్థాయిని అందుకున్నాయి.

ప్రక్రియల అసలు ప్రయోజనం విమర్శ వచ్చిన రోజున తెలుస్తుంది. చారిత్రక నవలలో తేదీ తప్పు పడిందంటే ఇది నవల కదా అనవచ్చు, నవలలో పాత్రలకు ప్రాణం లేదంటే ఇది చరిత్ర కదా అనవచ్చు. ఇంత మంచి ఇల్లు మరొకటి లేదు, రెండు వైపులా వాకిళ్లే. సొంత జీవితాన్ని రాసుకునేవారి పరిస్థితి ఇంత సుఖంగా ఉండదు. నవల అని వేస్తే బంధువులు అందులో తమను గుర్తుపట్టి మాట్లాడడం మానేస్తారు. ఆత్మకథ అని వేస్తే అందులో రచయితను గుర్తుపట్టలేక మాట్లాడడం మానేస్తారు.

నా సంగతే చెబుతాను. కొన్నేళ్లు శ్రమించి రాసిన వ్యాసాలను సంపుటిగా తేవాలని, ఒక పెద్దాయనను ముందుమాట అడిగాను. ఆయన మూడు పుటలు రాసి పంపారు. అందులో ఈ కథల్లోని శిల్పాన్ని, ముగింపుల్లోని మెరుపును, ముఖ్యంగా స్త్రీ పాత్రల చిత్రణను మనసారా మెచ్చుకున్నారు. ఆయన వయసును, పలుకుబడిని తలచుకుని ముందుమాటను దిద్దే సాహసం చేయలేకపోయాను. అంతలో ముద్రణాలయం వారు ఫోన్ చేసి, అట్ట మీద ఏమని వేయమంటారు అని అడిగారు. కథలు అని వేయమన్నాను.

నెల తిరగకముందే సమీక్ష వచ్చింది. కథలు బాగున్నాయట. వ్యాస ధోరణి కొంచెం తగ్గించుకుంటే ఇంకా రాణిస్తాయట.