ఇంక యాడాదే గదా!

నల్లగొండలో ఆడపిల్ల పుట్టినరోజుకు వచ్చే చుట్టాలు కేకు మీద కొవ్వొత్తులు లెక్కపెట్టరు. పద్దెనిమిదికి ఎన్ని తక్కువున్నాయో లెక్కపెడతారు. మొన్న మా అమ్మాయికి పదిహేడు నిండాయి. గడప దగ్గర చెప్పులు విడుస్తూనే ప్రతి మనిషీ ఒకటే మాట: "ఇంకేంది, ఇంక యాడాదే గదా!" స్వీటు డబ్బా చేతిలో పెడుతూ ఒకరు, మంచినీళ్లు తాగుతూ ఒకరు. దేనికి యాడాది అని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, మీకూ తెలుసు.

మావాళ్లు చట్టాన్ని ఎంత గౌరవిస్తారో ఈ సందర్భంగా లోకానికి తెలియజేయడం నా విధి. 1929లో శారదా చట్టం పెళ్లికి ఆడపిల్లకు 14 నిండాలంది. 1978లో దాన్ని 18 చేశారు. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టమూ 18 అనే అంది. అంతకుముందు చేయొద్దురా నాయనా అని చట్టం మొత్తుకుంటే, మావాళ్లు దాన్ని ముహూర్తం పెట్టిన లగ్నపత్రికలా చదివారు. 2021 డిసెంబరులో ఆ వయసును 21 చేస్తామని పార్లమెంటులో బిల్లు పెట్టినప్పుడు మా బంధువర్గంలో కనిపించిన దిగులు, సాగర్‌లో నీళ్లు అడుగంటినప్పుడు కూడా నేను చూడలేదు. ఆ బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇక మా అక్క వాళ్లాయన గురించి. బావ చిట్యాల, చౌటుప్పల్ మధ్య హైవే పొంటి ప్లాట్లు అమ్ముతాడు. వృత్తి మీద భక్తి గల మనిషి, పుట్టినరోజుకు కూడా దాన్ని వెంటబెట్టుకునే వస్తాడు.

"మరదలా, కాయితాలన్నీ క్లియరేనా? టెన్త్ మెమోల, ఆధార్ల పుట్టిన తేదీ ఒక్కటే ఉన్నదా?"

ఉందన్నాను.

"మంచిది. ఇప్పుడు బయానా ఇచ్చి మాట ఖాయం చేసుకుంటే వచ్చే యాడాది గిదే నెలల రిజిస్ట్రేషన్. ఎందుకంటే ఇను, రింగు రోడ్డు పడ్డదంటే ప్లాటు రేటు పెరుగుతది. పిల్లకు బీటెక్ పడ్డదంటే అంతకన్న ఎక్కువ చదివినోణ్ణి తేవాలె, కట్నం పెరుగుతది. ఇంటర్ కాడ్నే ఆపాలె."

వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది బావా అంటే, "అది వేరే శాఖ" అన్నట్టు చెయ్యూపాడు. ఇంతలో మా ఆడిబిడ్డ అందుకుంది: "అటెన్క కల్యాణలక్ష్మి లక్షా నూటపదహార్లు ఎటూ వస్తయి." ఆడపిల్ల పెళ్లికి తెలంగాణ సర్కారు డబ్బిచ్చే పథకమది, 2014లో మొదలైనప్పుడు 51 వేలుండేది. 18 నిండితేనే ఇస్తామని షరతు పెట్టింది చిన్నపిల్లల పెళ్లిళ్లు ఆగాలని. మా ఆడిబిడ్డ చేతిలో అది గడువు తేదీ అయి కూర్చుంది.

ఈ చర్చ ఇంత గంభీరంగా నడుస్తుంటే పైన ఫ్యాను మాత్రం నడవడం లేదు. ఈసురోమని తిరుగుతోంది. మా అమ్మాయి లోపలికెళ్లి స్టూలు, టెస్టరు, కొత్త కండెన్సరు తెచ్చింది. సోఫాలో ముగ్గురు మగపిల్లలున్నారు, ఫోన్లో ఎవర్నో కాల్చి చంపుతున్నారు. స్టూలుకు జాగా కావాలంటే కళ్లెత్తకుండా కాళ్లెత్తారు. ఆ మాత్రం సాయం చేశారు, రాయకపోతే అన్యాయం.

స్విచ్ ఆపి, ఎక్కి, ఫ్యాను పైన కప్పు కిందికి జార్చింది. ఉబ్బిపోయిన పాత కండెన్సరు పీకి నా చేతిలో పడేసింది. కొత్తదాని వైర్లు మెలేసి, టేపు పళ్లతో తెంపి చుడుతోంది.

"దిగే బిడ్డా, కాలిరిగితే సంబంధాలు రావు!" మా అక్క కేక.

"గీ పనులకు మగపిల్లగాళ్లు లేరా?" బావ.

కాళ్లెత్తిన ముగ్గురూ అట్లాగే ఉన్నారు.

"పెద్దనాయినా, జర ఆ స్విచ్ ఎయ్యి" అంది పైనుంచి. బావ వేశాడు. ఫ్యాను ఒక్కసారిగా విజృంభించింది. మా అక్క అప్పుడే వెలిగించిన కొవ్వొత్తులన్నీ ఆరిపోయాయి. బావ జేబులోంచి తీసి టీపాయి మీద పరిచిన ముగ్గురు పెళ్లికొడుకుల బయోడేటాలు లేచి, ఒకటి టీవీ వెనక్కి, ఒకటి వంటింట్లోకి, మూడోది సాఫ్ట్‌వేర్‌ది, నేరుగా కేకు మీదికి పోయి పడ్డాయి. అపశకునమని ఆడిబిడ్డ నోరు మూసుకుంది. మా అమ్మాయి స్టూలు దిగి, కాయితానికి అంటిన క్రీము పువ్వును వేలితో గీసి తినేసి, "అగ్గిపెట్టె ఏదే అమ్మా?" అంది. ఎప్పుడూ అంతే, కేకులో ముందు పువ్వే కావాలి దానికి.

వెళ్లేటప్పుడు బావ నా భుజం తట్టి అన్నాడు: "ఏం జేసినా పిల్ల మీద ప్రేమతోనే గదా మరదలా."

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. ఇక నావల్ల కాదు. 2018 సెప్టెంబరు 14న మన మిర్యాలగూడలో ఏం జరిగింది? కూతురు దళితుణ్ణి పెళ్లి చేసుకుందని, కడుపుతో ఉన్న ఆ పిల్ల ఆస్పత్రి నుంచి బయటికొస్తుంటే ఆమె కళ్లముందే భర్తను నరికించారు. మొదటి నిందితుడు కన్నతండ్రి. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అప్పటికి తండ్రి బతికి లేడు. "తండ్రి గదా, కడుపు మండదా, పిల్ల మీద పానం పెట్టుకున్నడు" అన్న మాట నేను పెళ్లి పందిళ్లలో విన్నాను, బస్సుల్లో విన్నాను, మా ఇంటి సోఫాలో విన్నాను. సిగ్గు లేదా మనకు? కూలికి మనుషుల్ని పెట్టి చంపిస్తే దానికీ ప్రేమ అనే పేరేనా? ఆ మాట అన్న నోళ్లే మొన్న నా బిడ్డకు హ్యాపీ బర్త్‌డే పాడాయి. ఆ చేతులే కేకు తినిపించాయి. నేను ప్లేట్లు అందిస్తూ నిలబడ్డాను.

ఇంకో సంగతి. 1989 నుంచి ఈ దేశంలో 18 నిండితే ఓటుంది. కారుకు లైసెన్సూ అప్పుడే ఇస్తారు. వచ్చినవాళ్లలో ఒక్కరికీ ఆ 18 గుర్తురాలేదు. 17 నిండగానే ఓటుకు ముందస్తుగా దరఖాస్తు పెట్టుకోవచ్చని మా అమ్మాయికి కాలేజీలో చెప్పారట. చుట్టాలు వెళ్లగానే ఫోన్లో ఫారం-6 తెరిచి నింపడం మొదలుపెట్టింది.

మర్నాడు బావ ఫోను. సాఫ్ట్‌వేర్ అబ్బాయి బయోడేటా జిరాక్సు ఇంకోటి పంపిస్తానన్నాడు. పిల్ల ఏం చేస్తోందని అడిగాడు. ఫారం నింపింది బావా, అన్నాను.

"శెభాష్! ఇప్పుడే పెట్టుకోవచ్చా కల్యాణలక్ష్మికి?"