మడి కట్టుకున్న కారు

తిరుపతిలో ఆచారాలు అడుగంటిపోతున్నాయని బాధపడే పెద్దలంతా ఏదైనా ఒక ఆదివారం పొద్దున 5 గంటలకి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దయచేయాలని మనవి. చేతికున్న ఉంగరం, వాచీ తీసేసి, బెల్టు కూడా విప్పేసి (బకిల్ తగిలితే గీత పడుతుంది మరి), రెండు బకెట్లతో కారు చుట్టూ ప్రదక్షిణ చేస్తూ నేను కనిపిస్తాను. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ మిట్‌ని (చేతికి తొడుక్కునే మెత్తటి తొడుగు) షాంపూలో ముంచి ఒక డోరు తుడవాలి, ఉత్త నీళ్లలో జాడించి మట్టంతా వదిలించాలి, అప్పుడే అది మళ్లీ షాంపూలోకి పోవాలి. పొరపాటున మట్టి మిట్ తిన్నగా షాంపూ బకెట్‌లో పడిందా, ఇంక ఆ నీళ్లు మైల. పారబోసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. చక్రాలు తుడిచిన గుడ్డ బానెట్ మీదికి రాకూడదు. కింద పడిన గుడ్డ ఎంత ఖరీదుదైనా ఇంక స్టవ్ తుడుచుకోవడానికే.

దీన్ని మా ఆవిడ పిచ్చి అంది. పై అంతస్తు వాళ్లు పనిలేనితనం అన్నారు. మా అమ్మ మాత్రం ఒక నిమిషం నిలబడి చూసి, "మడే కదరా ఇది, మీ అవ్వ వంటింట్లో చేసిందే కదా" అని లిఫ్టెక్కి వెళ్లిపోయింది. నన్ను అర్థం చేసుకున్న మనిషి ఇప్పటికి ఆమె ఒక్కతే.

అసలిదంతా ఒక టార్చిలైటుతో వచ్చింది. మా నల్ల కారుకి ఆరేళ్లు, ఆ ఆరేళ్లూ నేను సుఖంగా ఉన్నాను. ఒకరోజు స్నేహితుడొకడు వచ్చి బానెట్ మీద టార్చి కొట్టి చూపించాడు. వెలుగు చుట్టూ సాలెగూడులా సన్నని గీతలు, వేలకి వేలు. వీటిని స్విర్ల్ మార్క్స్ అంటారట. ఏ దుర్మార్గుడు పెట్టాడా అని చూస్తే నేనే. రోజూ పొద్దున ఆఫీసుకి పోయేముందు పొడిగుడ్డతో ప్రేమగా దుమ్ము తుడిచేవాణ్ణి కదా, ఆ దుమ్ములోని ఇసుకే గుడ్డ కింద ఉప్పుకాగితంలా పనిచేసింది. కారుని పట్టించుకోని మా పక్క ఫ్లాటాయన బండికి నా బండికంటే తక్కువ గీతలున్నాయి. ఈ అన్యాయం గురించి ఎవరికి చెప్పుకోవాలి?

పోనీ పాలిష్ కొట్టి తీసేద్దామా అంటే అక్కడ ఇంకో తత్వం ఉంది. రంగు మీద అద్దంలా ఉండే పైపూత, అదే క్లియర్‌కోట్, దాని మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక (ఉన్నవాళ్లది) 70 దాకా ఉంటుంది. ఇక గీత తీయడమంటే గీతని పూడ్చడం కాదు, దాని చుట్టూ ఉన్న క్లియర్‌కోట్‌ని గీత అడుగు దాకా అరగదీయడం. ఇంటి ముందు గుంత పడితే వీధి మొత్తాన్ని గుంత లోతుకి తవ్వించి, చూడు ఎంత చదునుగా ఉందో అని మురిసిపోయే పని ఇది. తవ్వగా తవ్వగా ఇంకెంత మిగిలిందో కొలుచుకోవడానికి ఒక మీటరు కూడా కొన్నాను. బీపీ మెషిన్ కొన్నాక బీపీ పెరిగినట్టు, అది వచ్చాక నిద్ర తగ్గింది.

తర్వాత సిరామిక్ కోటింగ్, అంటే పెయింటుకి కాపలాగా పైన వేసే ఇంకో పూత. వేసినాయన, "తొమ్మిది హెచ్ సార్, వజ్రం అనుకోండి" అని పాతిక వేలు తీసుకున్నాడు. ఇంటికొచ్చి చదివితే ఆ హెచ్ వజ్రాల లెక్క కాదు, పెన్సిళ్లది. పూతల మీద పెన్సిలు ముల్లు నొక్కి గీసి చూసే పరీక్ష ఒకటుంది, ఆ లెక్క. అంటే నా కారు ఇప్పుడు ఇంజనీరింగ్ డ్రాయింగ్ కుర్రాళ్ల నుంచి క్షేమం. పావురాలకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మన ప్రాంతానికి సొంతంగా ఉన్న శత్రువులు వేరే. మామిడి పూత టైములో చెట్టు కింద బండి పెట్టారా, తేనెమంచు పురుగు దయవల్ల కారంతా జిగట. బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలారా, చుక్క చుక్కకీ ఒక తెల్లటి సున్నపు బొట్టు. అందుకే ఇప్పుడు కారుకి ఆఖరి విడత 20 లీటర్ల క్యాన్ నీళ్లు, మా స్నానాలకి బోరు నీళ్లు. ఇక తిరుమల కొండ. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగడానికి 40 నిమిషాలు తక్కువ కాకుండా పట్టాలి, మనవాళ్లు గేరు తగ్గించకుండా బ్రేకు మీద కాలు వేసుకునే దిగుతారు (నేనూ అంతే), అరిగిన బ్రేకుల ఇనుప పొడి వేడివేడిగా పోయి చక్రాలకీ పక్కల పెయింటుకీ అంటుకుంటుంది. దాని మీద ఐరన్ రిమూవర్ (ఇనుప పొడిని వదిలించే మందు) కొడితే కాసేపట్లో ఊదా రంగు ధారలు కారతాయి. మొదటిసారి అది చూసి మా చిన్నోడు కారుకి దెబ్బ తగిలిందని ఏడ్చాడు. నేను మాత్రం కళ్లార్పకుండా చూస్తూ ఉండిపోయాను, అంత తృప్తి నాకు జీతం పడినప్పుడు కూడా ఉండదు.

కోటింగ్ అయ్యాక కాణిపాకంలో పూజ చేయించాం. పూజారిగారు బానెట్ మీద పసుపు స్వస్తిక్ వేస్తుంటే ఆయన వెనకాలే మైక్రోఫైబర్ గుడ్డ పట్టుకుని నిలబడ్డాను, ఆయనకి నా భక్తి మీద అప్పటికే అనుమానం వచ్చేసింది. సత్యప్రమాణాలు చేసే స్థలం కదా, మా ఆవిడ సరిగ్గా అక్కడే, "నిజం చెప్పండి, దీనికి మొత్తం ఎంతయింది?" అని అడిగింది. నేను ఇంకో కొబ్బరికాయ తెస్తానని వెళ్లిపోయాను.

మొన్న పలమనేరు నుంచి మా మామగారు వచ్చారు. పెద్దాయన, 4 గంటలకే లేస్తాడు. ఆదివారం నేను రెండు బకెట్లూ దించుకుని సెల్లార్‌లోకి పోయేసరికి ఆయన భుజం మీది తువ్వాలు చేతిలో ఉంది, కారు మిలమిలా మెరుస్తోంది, ఎక్కడా ఒక్క నీటి చుక్క లేదు.

"నిద్ర పట్టలేదు అల్లుడూ. దుమ్ము పట్టుంటే నేనే తుడిచేసినా. బానెట్ మీద పావురం రెట్ట గట్టిగా ఎండిపోయుండె, గోటితో గీకి తీసినా."

టార్చి నా జేబులోనే ఉంది. తీయలేదు.

"ఎందుకు మామా మీకు శ్రమ" అన్నాను.

"శ్రమేముందిలే. పది దినాలు ఇక్కడే ఉంటా గదా, దినామూ తుడిచి పెడతా."