గెడ లేకుండా తీసిన పడవ

శనివారం జరిగిన సంగతి ఇది. ఇవాళ మంగళవారం. నా అరచేతుల్లో గీతలు ఇంకా మండుతున్నాయి. మా ఆవిడ అవును, కాదులతోనే సరిపెడుతోంది. మావగారి గొడుగు బాల్కనీలో ఇంకా ఆరుతోంది. పూర్తిగా చల్లారాక రాస్తే తప్పంతా నాదేనని ఒప్పుకోవాల్సి వస్తుందేమో, అందుకే వేడి మీదే రాసేస్తున్నాను.

లాస్ ఏంజెలెస్‌లో మాకో తెరచాప పడవ ఉంది. మాకు అంటే నాకూ, ఆఫీసులో నన్ను ‘అన్నా’ అని పిలిచే ఒక తమ్ముడికీ. చెరి సగం. 27 అడుగులది, 1980ల నాటిది. కొన్నది సెకండ్ హ్యాండ్ కారు ధరకి. దాన్ని రేవులో ఊరికే నిలబెట్టినందుకు నెలనెలా ఎంత కడుతున్నామో మా నాన్నకి ఇప్పటిదాకా చెప్పలేదు. మావగారు ఇండియా నుంచి వచ్చారు కదా, కాటలీనా దీవికి తీసుకెళ్దాం అన్నది నా ఐడియా. శాన్ పెడ్రో నుంచి అక్కడి అవలాన్ ఊరికి సుమారు 22 నాటికల్ మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు. ఫెర్రీ ఎక్కితే గంటన్నరలోపే దింపేస్తాడు. మాకు ఐదారు గంటలు పడుతుంది. “మరి ఫెర్రీలోనే వెళ్లొచ్చుగా?” అని మావగారు ఒక్కసారే అడిగారు. అల్లుడి ముఖం చూసి మళ్లీ అడగలేదు.

మావగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. సర్వీసులో కొన్నేళ్లు సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి రోజూ పంటు మీద గోదావరి దాటి వెళ్లొచ్చిన మనిషి. సరంగులనీ కళాసీలనీ దగ్గరగా చూసినవారు. ఈ సంగతి నాకు పెళ్లప్పుడే తెలుసు. కానీ అది గోదావరి, ఇది పసిఫిక్ అనుకున్నాను.

తయారీ బాధ్యత తమ్ముడిది. మనిషి చాలా పద్ధతైనవాడు. పద్ధతి అంటే ఎక్సెల్ షీట్. మొత్తం 63 లైన్లు. బ్యాటరీ, బిల్జ్ పంపు, పెట్రోలు, మంచినీళ్లు, లైఫ్ జాకెట్లు, పడవ అడుగున ఉండే వాల్వులు, ఒక్కోదానికీ ఒక్కో లైను. ఎదురుగా ఆకుపచ్చ రంగు, పక్కన ‘ఉంది’ అన్న మాట. చూస్తే కడుపు నిండిపోతుంది. నాకు మాత్రం ఎందుకో అనుమానం వచ్చి ఆపదలో వెలిగించే ఫ్లేర్ల డబ్బా తెరిచి చూశాను. అవి తయారైన నెల నుంచి 42 నెలలే పనికొస్తాయి. మావి 2019 నాటివి. ఫోన్ చేస్తే, “ఉన్నాయా లేవా అన్నదే కదన్నా షీట్‌లో కాలమ్, ఉన్నాయి కదా” అన్నాడు. అప్పుడే మేలుకోవాల్సింది. కొత్త ఫ్లేర్లు కొనుక్కొచ్చి, మిగతా 62 లైన్లనూ నమ్మేశాను. తమ్ముడు మాతో రాలేదు. ఇంట్లో ఏదో పని అన్నాడు. ఆ పనేమిటో తర్వాత తెలిసింది.

చోటు చాలక సామానంతా టాయిలెట్ గదిలో సర్దాం. గుర్తుంచుకోండి, అవసరం వస్తుంది.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. జూన్ నెల కదా, పొద్దున్నంతా మబ్బు, మంచు. ఇంజిన్ మీద వెళ్లాం. మధ్యాహ్నానికి పడమటి గాలి పడింది, తెరచాప ఎత్తాం, గంటకి ఐదు మైళ్ల చొప్పున హాయిగా సాగింది. కంటెయినర్ ఓడల దారి దాటేటప్పుడు ఒకటి ఎదురైంది. పదంతస్తుల అపార్ట్‌మెంటు నడిచొస్తున్నట్టుంది. “ఆ పైనున్నాయనకి మనం కనిపిస్తున్నామంటారా?” అని మావగారు అడిగారు. నేను జవాబు చెప్పకుండా పడవ తిప్పి, అది వెళ్లాక దాని వెనక నుంచి దాటించాను. ఆయన మెచ్చుకోలుగా తలాడించారు. ఆ రోజు మొత్తంలో నాకు దక్కిన గౌరవం అంతే. మా ఆవిడ పులిహోర పెట్టింది. ఎవరికీ వాంతులు కాలేదు. సముద్రం తన వంతు మర్యాద పూర్తిగా నిలబెట్టుకుంది.

సాయంత్రం నాలుగింటికి అవలాన్ చేరాం. రేవు మొదట్లోనే గుండ్రంగా తెల్లటి పెద్ద భవనం ఉంటుంది, పేరు కాసినో. 1929లో కట్టారు. అందులో ఎన్నడూ జూదం ఆడలేదు. సినిమా హాలు, పైన డాన్సు హాలు. “మరి ఆ పేరెందుకు పెట్టారు?” అన్నారు మావగారు. ఇటాలియన్ భాషలో నలుగురూ కలిసే చోటని అర్థం అని చెప్తుండగానే హార్బర్ కుర్రాడు చిన్న పడవలో పక్కకొచ్చి, మాకు కేటాయించిన చోటు చూపించి, “ఇంతకు ముందు మూరింగ్ పట్టుకున్న అలవాటు ఉందా సార్?” అని అడిగాడు.

“ఓ, చాలాసార్లు” అన్నాను.

యూట్యూబ్‌లో పద్నాలుగు సార్లు చూశాను. అబద్ధం కాదు.

ఇక్కడ కాస్త ఆగి ఈ మూరింగ్ అంటే ఏమిటో చెప్పాలి. అవలాన్‌లో ఎవరికి తోచినచోట వాళ్లు లంగరు వేసుకుంటామంటే కుదరదు. వందలకొద్దీ పడవలు వరసలు కట్టి, పక్కపక్కనే, కొట్టంలో గేదెల్లా నిలబడతాయి. తేడా ఏమిటంటే గేదెని మెడకి కడితే చాలు. ఇక్కడ పడవని ముందూ వెనకా రెండు వైపులా కట్టాలి, లేకపోతే ఊగి పక్కదాన్ని పొడుస్తుంది. నీళ్లలో ఒక బోయా తేలుతుంటుంది. దాని మీద నిలువుగా ఓ పొడవాటి కర్ర. పడవ ముక్కు దగ్గర నిలబడ్డ మనిషి ఆ కర్ర అందుకుని లాగితే ఉచ్చు ఉన్న మోకు వస్తుంది. దాన్ని ముక్కు దగ్గరి కొమ్ముల గుంజకి తగిలించాలి. ఆ మోకుకే ఇంకో సన్న తాడు కట్టి ఉంటుంది. ఆ తాడు పట్టుకుని పడవ అంచు వెంబడి వెనక దాకా నడుచుకుంటూ వెళ్తే, దాని చివర రెండో మోకు. దాన్ని వెనక గుంజకి తగిలించాలి. అయిపోయింది. యూట్యూబ్‌లో దీన్ని ఒక బామ్మగారు టోపీ పడిపోకుండా రెండు నిమిషాల్లో చేసేసింది.

మా పడవలో ఉద్యోగాల పంపకం ఇది: చుక్కాని నాది. మా ఆవిడ ముక్కు దగ్గర, కర్ర అందుకోవడానికి. మావగారు నా పక్కన, ఎండకి గొడుగు వేసుకుని, ఏమీ చెయ్యకుండా కూర్చోవడానికి.

మేం సందులోకి తిరగ్గానే ఒక వింత జరిగింది. అటూ ఇటూ పడవల్లో బీర్లు తాగుతూ కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఒక్క మాట లేదు. మేం వచ్చే వైపుకి, దిండ్లలాంటి రబ్బరు ఫెండర్లు తెచ్చి తమ పడవలకి వేలాడదీశారు. ఒక పెద్దాయన రెండు వేలాడదీసి, నన్ను ఇంకోసారి ఎగాదిగా చూసి, లోపలికెళ్లి మూడోది తెచ్చాడు. మనుషులు మనల్ని తిట్టకుండా కూడా ఇంత అవమానించగలరని నాకప్పటిదాకా తెలీదు.

మొదటిసారి మా ఆవిడ చెయ్యి చాపేలోగా కర్ర వెనక్కి వెళ్లిపోయింది. నేను స్పీడుగా వచ్చానన్నది ఆవిడ కథనం. రెండోసారి అందుకే నెమ్మదిగా వచ్చాను. మరీ నెమ్మదై, కర్రకి ఇంకా రెండు బారల దూరం ఉండగానే పడవ ఆగిపోయింది. ఇలాంటప్పటి కోసమే బోట్ హుక్ అని ఒకటి ఉంటుంది. చివర కొక్కెం ఉన్న పొడవాటి కర్ర. షీట్‌లో 41వ లైను. ఆకుపచ్చ. ‘ఉంది’.

“హుక్ తియ్యి! హుక్!” అని అరిచాను. మా ఆవిడ పరుపుల కింద, బల్ల కింద వెతికింది. టాయిలెట్ గది తలుపు తీస్తే రైస్ కుక్కర్ కాళ్ల మీద పడింది. హుక్ లేదు. ఈలోగా పడవ తన ఇష్టమొచ్చినట్టు పెద్దాయన మూడో ఫెండర్ మీదికి వెళ్తోంది. మావగారు చుట్టూ చూసి, ఎంతో మర్యాదగా, అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటోంది, ఇలా అన్నారు:

“గెడ లేకుండా పడవ తీశారా అల్లుడుగారూ?”

మూడోసారి తిరగడానికి చోటు లేక, వరసకి అవతలి సందులోంచి చుట్టి వచ్చాను. అంటే మా చోటులోకి ఎదురు దిక్కు నుంచి దూరుతున్నానన్నమాట. ఇది నాకప్పుడు తట్టలేదు. మా ఆవిడ మళ్లీ ముక్కు దగ్గర వంగింది, మళ్లీ కర్ర తప్పింది. అది మెల్లిగా పడవ పక్క నుంచి వెనక్కి జారుతోంది. మావగారు లేచారు. గొడుగు టక్కున మూశారు. తిరగేసి, వంకీ ఉన్న పిడి వైపు చాపి, కర్రని మెడ పట్టుకున్నట్టు పట్టి లాగారు. నేను ఈ వయసులో ఆయన చేతుల్లో అంత బలం ఉంటుందనుకోలేదు. మోకు పైకొచ్చింది. నీళ్లలో తాళ్లుంటే ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటాయి కాబట్టి నేను వెనక్కి తిరిగి, నడుం వంచి, ఇంజిన్ ఆపే పనిలో ఉన్నాను. తిరిగి చూసేసరికి ఆయన ఆ ఉచ్చుని తన పక్కనే ఉన్న గుంజకి, అంటే వెనక గుంజకి, తగిలించబోతున్నారు.

“బౌ! బౌ!” అని అరిచాను.

ముక్కు గుంజ అని నా ఉద్దేశం. ఇంగ్లీషులో పడవ ముక్కుని అలాగే అంటారు. కానీ తెలుగు చెవికి అది ఎలా వినిపిస్తుందో నేను ఆలోచించలేదు. పెద్దాయన పడవ మీద ఒక కుక్క ఉంది. దానికి మాత్రం బాగా అర్థమైంది. వెంటనే జవాబిచ్చింది. మావగారు ఒకసారి నన్నూ ఒకసారి కుక్కనీ చూశారు. “బౌ మావగారూ, బౌ!” నేను ఇంకా గట్టిగా. అది ఇంకా గట్టిగా. అవతలి వరసలో ఇంకో కుక్క అందుకుంది. ఆ సాయంత్రం అవలాన్ రేవులో నేనూ రెండు కుక్కలూ ఒకే మాట మీద నిలబడ్డాం. అల్లుడికి ఎండ దెబ్బ తగిలిందని ఆయనకి జాలేసిందట. “ఊరుకోండి అల్లుడుగారూ, దాన్తో మనకెందుకు” అంటూ ఉచ్చు వెనక గుంజకి బిగించి, సన్న తాడు కూతురికి అందించారు.

మా ఆవిడ కూడా ఆ వీడియో చూసింది. తాడు చేతికొస్తే దాని వెంట పడవ రెండో చివరకి వెళ్లి, రెండో మోకు అక్కడ కట్టాలని తెలుసు. నాచు, బురద, ఏవో చిన్న నత్తలు కారుతున్న ఆ తాడు పట్టుకుని, చెప్పినట్టే, ఒక్క తప్పు లేకుండా ముక్కు దాకా నడిచి కట్టేసింది. ఎవరి పని వాళ్లు సరిగ్గా చేశారు. పడవ సరిగ్గా మా చోటులో, రెండు వైపులా గట్టిగా, కదలకుండా నిలబడింది.

వరసలో ప్రతి పడవ ముక్కూ సముద్రం వైపు ఉంది. మాది ఊరి వైపు. బంతిలో అందరూ విస్తరి ముందు కూర్చుంటే, ఒకడు గోడకేసి తిరిగి కూర్చున్నట్టు.

హార్బర్ కుర్రాడు వచ్చాడు. చాలాసేపు చూశాడు. “కట్టడం బాగానే కట్టారు సార్” అన్నాడు. తర్వాత పడవెక్కాడు. అక్కడో పద్ధతి ఉంది. వచ్చిన పడవల టాయిలెట్లలో రంగు బిళ్ల వేస్తారు, ఎవరైనా గుట్టుగా సముద్రంలోకి వదిలితే నీళ్ల రంగే పట్టిచ్చేస్తుంది. మా టాయిలెట్‌లో బిళ్ల వెయ్యాలంటే ముందు రైస్ కుక్కర్, రెండు సూట్‌కేసులు, ఆవకాయ సీసా, పులిహోర గిన్నె వరసగా బయటికి రావాలి. వచ్చాయి. అన్నీ అందరూ చూస్తుండగా డెక్ మీద కొలువు తీరాయి. కుర్రాడు బిళ్ల వేసి, వెళ్తూ వెళ్తూ, “బోట్ హుక్ లేదా మీ దగ్గర?” అన్నాడు. మా ఆవిడ నన్ను చూసింది.

పడవని ఎలా తిప్పామో అడక్కండి. నలభై నిమిషాలు. అరచేతుల సంగతి ముందే చెప్పాను.

రాత్రి మావగారు అన్నారు: “అణియం అని ఉంటే అర్థమయ్యేదిగా. ముందు వైపు అణియం, వెనక అమరం. మా సరంగులు అలాగే అనేవాళ్లు.” పడవ కొన్నాక తాళ్లకీ కొక్కేలకీ ఇంగ్లీషు పేర్లు నూటికి పైగా బట్టీ పట్టాను. ఆ రెండు మాటలు మాత్రం ఆ రాత్రే మొదటిసారి విన్నాను.

తమ్ముడికి ఫోన్ చేశాను. హుక్ ఏదిరా అన్నాను. “ఉందన్నా” అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా. ఎక్కడ ఉంది? “మా పెరట్లో. మునగచెట్టు ఈసారి బాగా కాసింది. పై కొమ్మలవి అందక దాంతోనే కోస్తున్నా. షీట్‌లో ‘ఉంది’ అనే రాశాను కదా?” అన్నాడు. నిజమే. ఎక్కడ అన్న కాలమ్ లేదు.

ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేసరికి రేవులో నిలబడి ఉన్నాడు, చేతిలో సంచీ నిండా మునక్కాయలతో. నేను నోరు తెరిచేలోపే మావగారు సంచీ అందుకుని, ఒకటి విరిచి చూసి, “లేతవే” అన్నారు.

ఇవాళ పొద్దున షీట్ తెరిచాను. 64వ లైను కొత్తగా చేరింది. ‘గొడుగు’. ఎదురుగా ఆకుపచ్చ. పక్కన ‘ఉంది’. గొడుగు మా బాల్కనీలో ఉంది.