38 మార్కులతో పాసయ్యాం

అవినీతి పరీక్షలో 2024 సంవత్సరానికి భారతదేశానికి నూటికి 38 మార్కులు వచ్చాయి. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఏటా వేసే మార్కులివి, అవినీతి ఎంత తక్కువుంటే మార్కులు అంత ఎక్కువ. 180 దేశాల్లో మనది 96వ ర్యాంకు. ఇది చూసి సిగ్గుతో తలదించుకోవాలని కొందరు పెద్దలు అంటున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. పదో తరగతిలో 35 వస్తే పాస్ అని పెట్టుకున్నది మనమే. ఇంకా మూడు మార్కులు ఎక్కువే తెచ్చుకున్నాం. డెన్మార్క్‌కు 90 వచ్చాయంటే వాళ్ల సంగతి వేరు, ఆ చలికి ఎవరి చేతులు వాళ్ల జేబుల్లోంచి బయటికి రావు.

2022లో 40, 2023లో 39, 2024లో 38. ఏడాదికి ఒక్కటంటే ఒక్క మార్కు, తొందర లేదు, గాభరా లేదు. కర్నూలులో ఏ రోడ్డు పనీ ఇంత పద్ధతిగా సాగగా నేను చూడలేదు.

ఈ మార్కులతో నాకున్న పేచీ ఒక్కటే. వీటిని నిపుణుల, వ్యాపారవేత్తల అభిప్రాయాలను బట్టి వేస్తారు. అవినీతి ఎంతుందని వాళ్లకు అనిపిస్తే అంత. తండ్రి పోయాక పొలం పాస్‌బుక్కులో తన పేరు ఎక్కించుకోవడానికి కోడుమూరు వైపు నుంచి తిరిగే రైతుకు ఏమనిపిస్తోందో ఎవరూ అడగలేదు. ఆయనకు అనిపించే దశ ఎప్పుడో దాటిపోయింది, ఇప్పుడు రూపాయలతో సహా తెలుసు.

ఆ రైతును అడిగే బాధ్యత మన ప్రభుత్వం తీసుకుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు. ఈ సోమవారానికి ఒకప్పుడు మీకోసం అని పేరు, తర్వాత స్పందన, ఇప్పుడు పీజీఆర్‌ఎస్, అంటే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది, ప్లాస్టిక్ కవర్లో ఆ అర్జీ మాత్రం అదే. కొన్నాళ్లకు రైతు ఫోను మోగుతుంది. "మీ సమస్య పరిష్కారంపై మీరు సంతృప్తి చెందితే 1 నొక్కండి, చెందకపోతే 2 నొక్కండి" అని ఒక ఆడగొంతు చాలా మర్యాదగా అడుగుతుంది. జీవితంలో తనను అంత మర్యాదగా అడిగిన ప్రభుత్వం అదే కాబట్టి రైతు పొంగిపోయి, ఉన్నది ఉన్నట్టు 2 నొక్కుతాడు. ఆ తర్వాత ఇంకో ఫోను వస్తుంది. ఈసారి రికార్డు గొంతు కాదు.

"ఏం పెద్దాయనా, రెండు నొక్కినావంట? మామీద ఏమన్నా కోపమా?"

"అయ్యో లేదు సార్, అద్దాలు పెట్టుకోలేదు, యేలు జారింది."

"మళ్లీ ఫోనొస్తే జాగ్రత్తగా నొక్కు మరి. ఎట్లయినా నీ ఫైలు మా కాడనే ఉంది గదా."

మళ్లీ ఫోను వస్తుంది. పెద్దాయన అద్దాలు తుడుచుకొని, మనవడితో చూపించుకొని 1 నొక్కుతాడు. అమరావతిలో తెర మీద సంతృప్తి శాతం ఒక పిసరు పెరుగుతుంది. దాన్ని చూసి సమీక్షలో ఒకరినొకరు అభినందించుకుంటారు. దీన్ని మోసం అనడం అన్యాయం. ఆ రైతు నిజంగానే సంతృప్తి పడ్డాడు, ఫైలు ఇంకా పోలేదని తెలిసింది కదా.

లంచం అడిగితే ఫిర్యాదు చేసే ఫోన్ నంబర్ల విషయంలో కూడా మనకు లోటు చేయలేదు. 2017లో 1100 అన్నారు, 2019లో 14400 అన్నారు, ఇప్పుడు 1064 అంటున్నారు. 1100 వచ్చిన కొత్తలో ఒక వింత జరిగింది. ఫిర్యాదు వెళ్లేసరికి కొందరు ఉద్యోగులు తీసుకున్న లంచం జనానికి తిరిగి ఇచ్చేశారని పత్రికల్లో వచ్చింది, అందులో మా కర్నూలు జిల్లా పేరు కూడా ఉంది. చీర నచ్చకపోతే బిల్లు చూపించినా వాపసు తీసుకోని ఊళ్లో, బిల్లే లేని సొమ్ము వాపసు వచ్చిందంటే మామూలు సంస్కరణ కాదు. ఎందుకో దాన్ని అక్కడితో ఆపేశారు. బహుశా ఇచ్చేవాళ్లకే అలవాటు తప్పుతుందని భయపడి ఉంటారు.

కొలతల్లో నిజంగా శాస్త్రీయమైనది ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ వాళ్లదే. నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూసి, ఫిర్యాదుదారు చేతికిస్తారు. సారు తీసుకున్నాక ఆయన వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచుతారు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగితే సారు దొరికినట్టు. మంచి పద్ధతే, కానీ సార్లు కూడా ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివే ఉద్యోగాల్లోకి వచ్చారు. "ఇక్కడ వద్దు, బయట జిరాక్స్ షాపులో ఇచ్చిపో" అనడం వాళ్లకూ తెలుసు. ఇక బావమరిది ఫోన్ నంబరుకు పంపిన డబ్బుకు ఏ పొడి పూస్తారు?

పైగా 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోగా చెప్పాలి, అప్పుడే శిక్ష తప్పుతుంది. ఏడో రోజుకు మన రైతు పని ఎక్కడుంటుంది? పని అయ్యేదాకా నోరెత్తితే పని కాదు, అయ్యాక నోరెత్తితే తనే ముద్దాయి. చట్టం ఎంత సమానత్వం పాటిస్తోందో చూడండి.

విజిలెన్స్ వారోత్సవాలు మరిచిపోయేలా ఉన్నాను. ఏటా సర్దార్ పటేల్ జయంతి వచ్చే వారంలో లంచం తీసుకోబోమని, ఇవ్వబోమని ప్రతిజ్ఞ చేస్తారు. సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో చేస్తే సర్టిఫికెట్ కూడా వస్తుంది. అడిగిన నిమిషంలో, ఎవరి చేయీ తడపకుండా మనిషికి వచ్చే ప్రభుత్వ సర్టిఫికెట్ నాకు తెలిసి అదొక్కటే.

ఇక మా ఊరి భాగ్యం. 1953లో కర్నూలుకు రాజధాని ఇచ్చారు, మూడేళ్లకు తీసుకున్నారు. 2021లో లోకాయుక్త ఆఫీసు ఇచ్చారు. అధికారుల అక్రమాల మీద నేరుగా వచ్చి ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే ఇచ్ఛాపురం మనిషి రాష్ట్రం ఆ కొస నుంచి ఈ కొసకు రావాలి. అంత ప్రయాణం చేసే బదులు అడిగింది ఇచ్చేస్తేనే చవక. ఫిర్యాదులు తగ్గితే అవినీతి తగ్గినట్టే కదా, ఆ లెక్కన ఆఫీసును ఇంకా దూరం పెట్టి ఉండాల్సింది.

ఇన్ని కొలతలున్నా అసలైన కొలత ఒకటి ఎవరి కంటా పడలేదు. ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందైనా చెట్టు కింద ఒక డాక్యుమెంట్ రైటర్ కూర్చుని ఉంటాడు. ఇంటి స్థలం రిజిస్ట్రేషన్‌కు ఎంతవుతుందన్నా అని అడిగితే, చెవి మీది పెన్ను తీసి చీటీ వెనక రాస్తాడు. స్టాంపు డ్యూటీ ఇంత, రిజిస్ట్రేషన్ ఫీజు ఇంత, నా రాతకూలి ఇంత, ఆఫీసు ఖర్చులు ఇంత. మొదటి రెండింటికీ చలానా ఉంటుంది, మూడోదానికి మన ముందే రాసిన దస్తావేజు ఉంటుంది. నాలుగోదానికి ఆయన మాట ఉంటుంది, ఆ మాట ఎన్నడూ తప్పదు. బేరమాడి చూడండి. "కావాలంటే నా కూలీలో తగ్గించుకోన్నా, అది నా చేతిలో లేదు" అంటాడు. కొత్త సారు వచ్చాడంటే వారం తిరక్కముందే రేటు సవరిస్తాడు. ఏ గణాంకాల శాఖకైనా ఇంత వేగం ఉందా? అయినా ఆయన్ను ఏ సంస్థా సర్వేకు పిలవలేదు.

కాబట్టి ప్రభుత్వానికి నా సూచన ఇది. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డకు రోజూ కనిష్ఠ, మధ్యస్థ, గరిష్ఠ ధరలు ప్రకటిస్తారు. అదే పద్ధతిలో ముటేషన్‌కు, అంటే పాస్‌బుక్కులో పేరు మార్పుకు, రిజిస్ట్రేషన్‌కు, ఇంటి ప్లానుకు రోజువారీ ధరలు ప్రకటించాలి. అవినీతి తగ్గిందో పెరిగిందో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది, బయటి సంస్థ మార్కులతో పని ఉండదు. అప్పుడు అందరికీ ఇంకో విషయం కూడా కనబడుతుంది. ఉల్లి ధర పడిపోయి రైతు రోడ్డు మీద పారబోసుకున్న ఏడాది కూడా పాస్‌బుక్కు ధర పడలేదు. దిగుబడి ఎక్కువైనా ధర నిలబడే సరుకు జిల్లాలో అదొక్కటే. రైతులకు ఆ పంటే వేయమని సలహా ఇవ్వొచ్చు కానీ విత్తనం బయట దొరకదు.

అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మధ్యస్థ ధర ప్రకటిస్తే కష్టపడి పనిచేసే ఉద్యోగికి నష్టమని ఒకరంటారు. కర్నూలు ధర మాకెందుకు, మా పత్తి యార్డుకు తగ్గట్టు మా బోర్డు మాకుండాలని ఆదోని వాళ్లంటారు. అనంతపురం, కడప సరేసరి, ధర తక్కువ చూపించారంటే పౌరుషానికి పోతారు. వీటన్నిటినీ ఒక కమిటీ వేసి తేల్చవచ్చు. చిక్కల్లా బోర్డు పెట్టే చోటు దగ్గరే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడ మీద, బీరువా వెనకాల, లంచం అడిగితే ఫోన్ చేయండి అని ఇప్పటికే మూడు బోర్డులున్నాయి, ఒక్కోదాంట్లో ఒక్కో నంబరు. పాతవి రెండూ తీసేస్తే సరిపోతుంది కానీ, తీయమని పైనుంచి కాగితం వచ్చేదాకా ఎవరూ చేయి పెట్టరు.