నాలా ఫీజు సరే, నాలాలో చేరిన మట్టి సంగతేంటి?

జూన్‌లో మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే హైదరాబాద్ నుంచి శంకర్‌పల్లి, చేవెళ్ల, షాద్‌నగర్ వైపు ఏ రోడ్డు పట్టుకుని వెళ్లినా ఒక దృశ్యం తప్పదు. ఏదో ఒక కొత్త వెంచర్ కమాను కింద నుంచి మట్టి రోడ్డు మీదికి నాలుక చాపినట్టు పరుచుకుని ఉంటుంది. బైకుల వాళ్లు రెండు కాళ్లూ కిందపెట్టి మెల్లగా దాటుతుంటారు. పక్కన కల్వర్టు సగం పూడి ఉంటుంది. మధ్యాహ్నానికి జేసీబీ వచ్చి రోడ్డు మీద మట్టిని గోకి పక్కకు నెట్టేసి వెళ్తుంది. పక్కకు అంటే సరిగ్గా ఆ కల్వర్టు నోట్లోకే.

నిరుడు అలాంటి ఒకచోట ఆగి, కాలవలో పారుతున్న నీళ్లు లీటరు బాటిల్లో పట్టి ఇంటికి తెచ్చాను. చూస్తుండగానే అడుగున వేలెడు మందం ఇసుక దిగింది. పైన నీళ్లు మాత్రం నాలుగో రోజుకు కూడా టీ రంగులోనే ఉన్నాయి. ఇంట్లోవాళ్లు విసుక్కుని పారబోసేదాకా ఆ బాటిల్ కిటికీలోనే ఉంది.

లేఅవుట్ అనుమతుల్లో మనం లెక్కపెట్టనిదంటూ లేదు. వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చుకోవడానికి నాలా ఫీజు కట్టాలి. రోడ్ల వెడల్పు ఇంత, పార్కుకు ఇంత, కరెంటు స్తంభాలు ఇన్ని అని కొలతలుంటాయి. సైటు గేటు దాటి పోయే మట్టిని అడిగేవాళ్లు మాత్రం మామూలు వెంచర్ ఫైల్లో కనపడరు. ఒక నాలాకు డబ్బు కట్టించుకుంటున్నాం, ఇంకో నాలాను, అంటే నీళ్లు పోయే కాలవను, ఉచితంగా పూడ్చనిస్తున్నాం.

పర్యావరణ అనుమతి ఉంది కదా అనొచ్చు. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టే భవనాలకు ఆ అనుమతి కావాలి. టౌన్‌షిప్ అయితే 50 హెక్టార్లు, అంటే దాదాపు 123 ఎకరాలు దాటాలి. కట్టడమే లేని ముప్పై ఎకరాల ప్లాట్ల వెంచర్ ఆ వలలో పడదు. మన ఊళ్ల చుట్టూ వచ్చేవి ఎక్కువగా ఆ బాపతువే. వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్లు మూడూ ఉన్నా, 2002 నుంచి మనకు ఆ చట్టం అంటే గుర్తొచ్చేవి బోర్లు, ఇసుక, చెట్ల నరికివేత. భూమి మధ్యలో ఇరుక్కుపోయింది.

మట్టి ఎంత పోతుందన్నది చిన్న విషయం కాదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం నిర్మాణ స్థలం నుంచి కొట్టుకుపోయే మట్టి పంట భూమితో పోలిస్తే 10 నుంచి 20 రెట్లు, అడవితో పోలిస్తే 1,000 నుంచి 2,000 రెట్లు. అది వాళ్ల నేలల లెక్క, మనకు అదే అంకె వస్తుందని చెప్పను. కారణం మాత్రం ఎక్కడైనా ఒకటే. గడ్డి వేరు పోతే చినుకు నేరుగా మట్టిని కొడుతుంది. చదును చేసి రోలర్ తిప్పిన నేల నీళ్లు తాగదు. ఆ నీరంతా పల్లానికి పరుగెత్తుతూ ముందు చిన్న చాళ్లు, తర్వాత మోకాలి లోతు కోతలు పెడుతుంది. పైగా మన వాన నాలుగు నెలల్లోనే, అదీ కుండపోతగా కురుస్తుంది.

వెంచర్ల వాళ్లు మొత్తం స్థలాన్ని ఒకేసారి గీకేయడానికి ఇంజినీరింగ్ కారణం పెద్దగా లేదు. డ్రోన్ వీడియోలో ఎర్రగా, నున్నగా కనిపించాలి. కొనేవాళ్లం మనమూ తక్కువ తినలేదు. ప్లాట్‌లో గడ్డి మొలిస్తే ఫోన్ చేసి 'క్లీన్ చేయించండి' అంటాం. రోడ్డు పడే చోట తప్ప మిగతా గడ్డిని ముట్టుకోకపోతే సమస్య సగం పోతుంది. ఇళ్లు కట్టేది ఎలాగూ ఐదేళ్లకో పదేళ్లకో.

నా బాటిల్ చెప్పింది కూడా అదే. మీటరు లోతు నీళ్లలో ఇసుక రేణువు అడుగుకు చేరడానికి నిమిషాలు చాలు, సన్న ఒండ్రుకు గంటలు పడుతుంది, బంకమట్టికి రోజులు. షాద్‌నగర్ వైపు ఇసుక పాలు ఎక్కువున్న చల్కా నేలల్లో సైటు పల్లపు మూలన ఒక గుంట తవ్వి, నీటిని అందులో కాసేపు ఆపి వదిలితే చాలా మట్టి అక్కడే దిగిపోతుంది. బంకమట్టి ఎక్కువుండే చేవెళ్ల నల్లరేగడిలో ఆ గుంట ఉన్నా లేనట్టే. అక్కడ నీళ్లలో కలిసిన మట్టిని మళ్లీ పట్టుకోలేం, అసలు కలవకుండా చూసుకోవాలి. అంటే గడ్డి, వరిగడ్డి పరుపు, వాలుకు అడ్డంగా కందకాలు, గట్ల మీద వట్టివేరు. రెండు నేలలకూ ఒకే నిబంధన రాస్తే ఒకచోట అది ఉత్త కాగితమే అవుతుంది.

ఇవేవీ మనకు కొత్త కావు. వాటర్‌షెడ్ పథకాల్లో గుట్టల మీద అడ్డకందకాలు తవ్వించాం, రాతిగట్లు పోయించాం, ఉపాధి హామీ కూలీలకు ఇప్పటికీ ఆ పనులకు డబ్బులిస్తున్నాం. ఎగువన ప్రభుత్వం మట్టిని ఆపడానికి కూలి ఇస్తుంది, దిగువన మట్టిని వదిలేసినవాడికి లేఅవుట్ నంబరు ఇస్తుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకున్నాం. అప్పుడు తీసిన పూడికను రైతులు పొలాలకు తోలుకున్నారు, ఎందుకంటే అది పొలాల నుంచి వచ్చిన పైమట్టి. వెంచర్ నుంచి వచ్చేది కింది మొరం. సిమెంటు, కంకర పొడి కలిసిన ఆ పూడికను ఏ రైతూ ట్రాక్టర్ పెట్టి తోలుకోడు.

చేవెళ్ల, శంకర్‌పల్లి పేర్లు ఊరికే ఎత్తలేదు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లకు నీళ్లు వచ్చేది ఆ వైపు నుంచే. ఆ పరీవాహకాన్ని కాపాడటానికి 1996లో 111 జీవో ఇచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేశారు. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు. అప్పటి నుంచి చర్చంతా మురుగునీటి మీదే. మురుగును శుద్ధి చేసే ప్లాంటు కట్టొచ్చు, అడుగున చేరిన మట్టికి ఏ ప్లాంటూ లేదు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లోనో చుట్టుపక్కలో ఉండే మనవాళ్లను అడగండి. కొత్త ఇళ్లు లేచే చోట సైటు చుట్టూ మోకాలెత్తున నల్లగుడ్డ కంచె కట్టి ఉండటం చూసే ఉంటారు. సైటు మట్టి బయటికి పోకుండా ఆపడానికి న్యూజెర్సీలో 1975 నుంచి ఓ చట్టం ఉంది. 5,000 చదరపు అడుగులకు మించి నేలను కదిలించే ప్రాజెక్టుకు స్థానిక 'మట్టి సంరక్షణ జిల్లా' అనే సంస్థ ప్లాన్ ఆమోదించాలి. అసలు కిటుకు ఆ గుడ్డలో లేదు. కింద అంచును మట్టిలో పాతిపెట్టకపోతే నీళ్లు దాని కిందినుంచే పోతాయి, అక్కడా అలాంటి కంచెలకు కొదవ లేదు. కిటుకు చివర్లో ఉంది. ప్లాన్ ప్రకారం చేశారని ఆ సంస్థ చెప్పేదాకా ఇంట్లో దిగడానికి సర్టిఫికెట్ ఇవ్వరు.

అలాంటి తాళంచెవి మన చేతిలోనూ ఉంది. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ లేఅవుట్లలో ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతాన్ని తనఖా పెట్టించుకుంటారు. రోడ్లు, డ్రైనేజీ, నీటి పనులు పూర్తయితేనే విడుదల. ఆ జాబితాలో మట్టిని చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, అనుమతి పత్రంలో మరో షరతు చాలు. వానాకాలంలో పని ఆపించే అధికారం లేదనే మాటా చెల్లదు. గోడలు కూలి కూలీలు చనిపోతున్నారని వానలకు ముందు సెల్లార్ తవ్వకాలు ఆపమని జీహెచ్‌ఎంసీ ఏటా చెబుతూనే ఉంది.

'ఇంకో ఎన్వోసీయా, ఇంకో టేబులా' అని బిల్డర్లు అంటారు. ఆ భయం నాకూ ఉంది. అందుకే కొత్త ఎన్వోసీ వద్దంటున్నాను. ముందస్తు కాగితం అడిగితే కన్సల్టెంట్ ఒకే ప్లాన్‌ను నలభై వెంచర్లకు పేరు మార్చి ఇస్తాడు. చేతకాదనే వాదన కూడా నిలవదు. హైటెక్ సిటీ అద్దాల భవనాలు పర్యావరణహితమైనవని చెప్పుకోవడానికి తెచ్చుకునే లీడ్ సర్టిఫికెట్‌కు నిర్మాణ సమయంలో మట్టి బయటికి పోకుండా చూడటం ముందస్తు షరతు. గోడకు ఫలకం కోసం చేయగలిగినవాళ్లు తనఖా ప్లాట్ల కోసం చేయలేరా?

కాకపోతే తనిఖీ రోజు మారాలి. ఎండల్లో వెళ్తే ఏ వెంచరైనా అద్దంలా ఉంటుంది. తనఖా విడుదల ఫైలు మీద సంతకం పెట్టే అధికారి జులైలో, రాత్రి వాన పడ్డ మర్నాడు వెళ్లాలి. కమాను బయటే బండి ఆపి, లోపల మొక్కలూ ఫౌంటెనూ చూపించకముందే ఆ కల్వర్టులోకి తొంగి చూడాలి.