ఒకే బెంచీ మీద ప్రశ్న, జవాబు

పీజీ ఇస్లామిక్ స్టడీస్ మొదటి సెమిస్టర్ క్లాసులోకి వెళితే ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో నోటుబుక్కులు చూసి చెప్పేయొచ్చు. కొందరి రాత కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, కొందరిది ఎడమ నుంచి కుడికి. మొదటివాళ్లు మదరసాలో ఏళ్ల తరబడి చదివి ఆలిమ్, ఫాజిల్ అనే మదరసా పట్టాలు పూర్తి చేసినవాళ్లు. జేర్, జబర్ అనే అచ్చుల గుర్తులు లేని అరబ్బీ పేజీని గడగడా చదివేస్తారు. రెండోవాళ్లు నల్గొండ, కరీంనగర్, కర్నూలు వైపు నుంచి బీఏ, బీకాం చేసి వచ్చినవాళ్లు. వీళ్లకు ఖురాన్ చదవడం వచ్చు, అర్థం మాత్రం తెలుగు అనువాదంలో చూసుకోవాలి. నూర్‌బాషా కుటుంబాల పిల్లలైతే ఇంట్లో మాట్లాడేదే తెలుగు.

ఈ విద్యార్థులకు పరిశోధన పద్ధతులు చెప్పే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఈ కోర్సుల గురించి మాట్లాడినప్పుడల్లా సిలబస్ మార్చాలి, ఉద్యోగాలు చూపించాలి అంటారు. రెండూ అవసరమే. కానీ వాటికంటే ముందు కావలసింది పిల్లల పక్కన కూర్చుని ఒక పేజీ చదివించే టీచరు. పాఠం చెప్పి వెళ్లిపోయే టీచరుతో ఈ సబ్జెక్టు సాగదు. ఎందుకంటున్నానో ఒక మధ్యాహ్నం సంగతి చెబితే అర్థమవుతుంది.

ప్రవక్త మాటలు, చేతల గురించి ఒకరి నుంచి ఒకరికి చేరిన కథనాలను హదీసులు అంటారు. వాటిలో పేరున్న బుఖారీ సంకలనంలో మొట్టమొదటి హదీసు "ఆచరణలు సంకల్పాలను బట్టే ఉంటాయి" అన్నది. ముస్లిం ఇళ్లలో దాదాపు అందరికీ నోటికి వచ్చే మాట. ఆ రోజు దాని అర్థం జోలికి వెళ్లకుండా, అది ఎవరి నుంచి ఎవరికి చేరిందో ఆ పేర్ల వరసను మాత్రమే కాగితం మీద గీయమన్నాను. దీన్నే ఇస్నాద్ అంటారు. నల్గొండ జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయి వంశవృక్షం గీసినట్టు గీసింది. పైన ప్రవక్త, కింద హజ్రత్ ఉమర్, ఆయన కింద అల్ఖమా, ఆ కింద ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం, ఆ కింద యహ్యా బిన్ సయీద్. అక్కడిదాకా ఒకటే గీత. యహ్యా దగ్గరికి వచ్చేసరికి గీతలు చెట్టు కొమ్మల్లా విచ్చుకున్నాయి. పేజీ చాల్లేదు.

పెన్ను పక్కన పెట్టి అడిగింది. "సార్, ఇక్కడిదాకా తరానికి ఒక్కరేనా? తర్వాత ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారు?"

వెనక బెంచీలో ఉన్న మదరసా విద్యార్థి కాస్త మొహమాటంగా చెయ్యెత్తాడు. "దీన్ని గరీబ్ అంటారు సర్. ఒక దశలో ఒక్కరే చెబితే ఆ పేరు. హదీసు మాత్రం సహీయే, అంటే ప్రామాణికమే. ఒక్కరే అయినా నమ్మదగిన మనిషైతే తీసుకుంటారు. మా ఉస్తాద్ చెప్పారు."

"అయితే ఆ ఒక్క మనిషి నమ్మదగినవాడని ఎలా తేల్చారు, మౌలానా భాయ్?" అంది ఆ అమ్మాయి, ఈసారి అతని వైపు తిరిగి.

అతను హదీసులు చెప్పినవాళ్ల వివరాలతో నిఘంటువుల్లా ఉండే రిజాల్ గ్రంథాల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో రావీ, అంటే హదీసు చెప్పిన మనిషి, ఎప్పుడు పుట్టాడు, ఎవరి దగ్గర చదివాడు, జ్ఞాపకశక్తి ఎలాంటిది, ముసలితనంలో మతిమరుపు వచ్చిందా అని వందల ఏళ్ల కిందట రాసిపెట్టిన పుస్తకాలు. బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు. ఆమె దగ్గర ప్రశ్న ఉంది, అతని దగ్గర జవాబు ఉంది. మూడు నెలలుగా ఇద్దరూ అదే గదిలో కూర్చుంటున్నారు. ఆ రోజు వరకు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆ మూడు నెలలూ వాళ్లకు లెక్చర్లు చెప్పింది నేనే కాబట్టి ఆ తప్పు నాది.

విశ్వాసం ఉన్న పిల్లలకు ఇక్కడ ఒక భయం ఉంటుంది. పరిశోధన అంటే అనుమానించడమని, అనుమానిస్తే ఈమాన్‌కు, అంటే విశ్వాసానికి, దెబ్బ అని. కొందరు ఇంట్లో చెప్పుకోలేక, క్లాసులో అడగలేక లోలోపలే టెన్షన్ పడతారు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. "నీకెవరు చెప్పారు?" అనే ప్రశ్న బయటి నుంచి వచ్చింది కాదు. హదీసు వేత్తలు నెలల తరబడి ప్రయాణాలు చేసింది ఆ ప్రశ్న కోసమే. ఇమామ్ మాలిక్‌ను 48 ప్రశ్నలు అడిగితే 32 ప్రశ్నలకు "లా అద్రీ", నాకు తెలియదు, అన్నారని సంప్రదాయ గ్రంథాల్లో ఉంది. మదీనాలో అంతటి విద్వాంసుడు ఆ మాట అనగా లేనిది, పీజీ విద్యార్థి ఎందుకు భయపడాలి? మా టీచర్లం కూడా ఆ మాట పిల్లల ముందు అనడం నేర్చుకోవాలి. నాకు అరబ్బీ కొంతే వచ్చు. కష్టమైన వాక్యం వస్తే మదరసా పిల్లల్నే అడుగుతాను. దాంతో నా గౌరవం తగ్గిందని ఎప్పుడూ అనిపించలేదు. వాళ్లు మాత్రం ఆ తర్వాత నుంచి క్లాసులో నోరు విప్పడం చూశాను.

హైదరాబాద్‌లో ఈ చదువుకు ఉన్నన్ని వసతులు దేశంలో చాలా ఊళ్లకు లేవు. 1888లో మొదలైన అరబ్బీ గ్రంథాల ప్రచురణ సంస్థ దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. అల్‌బిరూనీ ఖగోళ గ్రంథం 'అల్ ఖానూన్ అల్ మస్‌ఊదీ'ని రాతప్రతుల నుంచి పరిష్కరించి అచ్చువేసింది ఈ సంస్థే. పాతబస్తీలో 19వ శతాబ్దం నుంచి నడుస్తున్న జామియా నిజామియా మదరసా ఉంది. అఫ్జల్‌గంజ్‌లో పాత ఆసఫియా లైబ్రరీ, సాలార్‌జంగ్ మ్యూజియంలో రాతప్రతుల విభాగం ఉన్నాయి. గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఇన్ని ఉండీ, పీజీ రెండేళ్లు పూర్తి చేసి ఒక్క రాతప్రతి కూడా చూడకుండా వెళ్లిపోయే పిల్లలు ఉన్నారు. ఇది చాలా బాధ కలిగించే విషయం.

ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి తీసుకెళ్లినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. పాత అరబ్బీ, ఫార్సీ రాతప్రతుల్లో పేజీ అడుగున ఒక మూలగా ఒంటరిగా ఒక మాట రాసి ఉంటుంది. తర్వాతి పేజీ ఆ మాటతోనే మొదలవుతుంది. అప్పట్లో పేజీ నంబర్లు వేసే అలవాటు అంతగా లేదు. కుట్టు ఊడి కాగితాలు కలిసిపోతే సరిచేసుకోవడానికి అదే ఆధారం. అదే భవనంలో తెలుగు తాళపత్రాలు కూడా ఉన్నాయి. వాటికి తాడు ఎక్కించే బెజ్జం ఉంటుంది. ఆ రెండూ ఒకే రోజు చూసిన విద్యార్థికి ఫుట్‌నోట్ ఎందుకు వేయాలో వేరుగా పాఠం చెప్పక్కర్లేదు.

మదరసా చదువు, యూనివర్సిటీ చదువు ఒక మనిషిలో కలిస్తే ఏమవుతుందో ఈ నగరం ఇదివరకే చూసింది. 1908లో ఇక్కడ పుట్టిన ముహమ్మద్ హమీదుల్లా సంప్రదాయ విద్య నేర్చుకున్నారు, ఉస్మానియాలో చదివి అక్కడే పాఠాలు చెప్పారు, జర్మనీలోని బాన్‌లోనూ పారిస్‌లోనూ డాక్టరేట్లు తీసుకున్నారు. హదీసుల తొలి రాత సంకలనాల్లో ఒకటైన హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ సహీఫాను బెర్లిన్, డమాస్కస్ ప్రతులు సరిపోల్చి వెలుగులోకి తెచ్చింది ఆయనే.

ఇక డిసర్టేషన్. పిల్లలు తెచ్చే టాపిక్‌లు "ఇస్లాంలో విద్య ప్రాముఖ్యత", "ఇస్లాంలో మహిళల హక్కులు" లాంటివి. వాటి మీద పేజీలు నింపడం తేలిక, కొత్త మాట ఒక్కటి చెప్పడం కష్టం. "మీ ఊళ్లో ఏముంది?" అని అడుగుతాను. చాలాసేపు ఏమీ లేదంటారు. తవ్వితే ఏదో ఒకటి బయటపడుతుంది. దర్గా వక్ఫు కాగితాలు, తాత దాచిన ఉర్దూ ఉత్తరాల కట్ట, పీర్ల చావిడి. మల్కిభరాముడని తెలుగు కవులు పొగిడిన ఇబ్రహీం కుతుబ్‌షా ఏలిన నేల ఇది. తెలుగులో మొదటి అచ్చతెనుగు కావ్యం 'యయాతి చరిత్ర'ను పొన్నగంటి తెలగన్న అంకితమిచ్చింది కుతుబ్‌షా కొలువులోని అమీన్‌ఖానుకు. 'ఆంధ్ర భాషా చరిత్రము' రాసిన చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ను తెలుగు చేశారు. వీటిలో దేన్ని తీసుకున్నా తెలుగు తెలిసిన విద్యార్థే బాగా పని చేయగలడు. అయినా క్లాసులో తెలుగు మాట్లాడితే తక్కువ చూపు చూస్తారేమోనని ఆ పిల్లలే వెనక్కి తగ్గుతున్నారు. సమర్పించేది ఇంగ్లీషులోనో ఉర్దూలోనో అయినా, మొదటి చిత్తుప్రతి తెలుగులో రాయమని నేను గట్టిగా చెబుతాను. ఆలోచన ఏ భాషలో నడుస్తుందో ఆ భాషలో ముందు కాగితం మీదికి రావాలి.

ఈ పనికి టైం పడుతుంది. ఒక్కో విద్యార్థికి వారానికి గంట. టైంటేబుల్లో ఆ గంటకు చోటు లేదు. పని భారం లెక్కలోకి రాదు, కాబట్టి ఇష్టం ఉన్న టీచరు చేస్తారు, ఓపిక లేని రోజు ఆగిపోతుంది. దాన్ని పనిగా లెక్క కట్టండి అని విభాగాలను, వైస్‌చాన్సలర్లను అడుగుతున్నాను. నెట్ పరీక్షలో ఇస్లామిక్ స్టడీస్ ఉంది, దానికి కోచింగ్ ఇస్తున్నాం కదా అంటే సరిపోదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మదరసా నుంచి వచ్చిన పిల్లల్లో కొందరు మసీదులో ఇమామత్ చేస్తూ, అంటే నమాజు చదివిస్తూ, సాయంత్రాలు ఇళ్లకెళ్లి ఖురాన్ ట్యూషన్లు చెబుతూ చదువుకుంటున్నారు. తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు చదివించి వచ్చి పది గంటల క్లాసులో నిద్ర ఆపుకుంటూ కూర్చుంటారు. తర్వాత పేరున్న న్యాయవేత్త అయిన అబూ యూసుఫ్ బీదవాడైతే ఆయన గురువు ఇమామ్ అబూ హనీఫా ఇంటి ఖర్చులు తానే భరించి చదివించారని చెబుతారు. మనం అంత చేయలేకపోవచ్చు. క్లాసు ఆ పూట పదకొండుకు జరపగలం, హాజరు తగ్గిందని నోటీసు పంపే ముందు పిలిచి మాట్లాడగలం.

నల్గొండ అమ్మాయి డిసర్టేషన్ వాళ్ల మండలంలో మొహర్రం రోజుల్లో పాడే తెలుగు పాటల మీద. మొదట ఒప్పుకోలేదు. "ఇది ఇస్లామిక్ స్టడీస్ ఎలా అవుతుంది సార్, ఇంట్లో కూడా ఒప్పుకోరు" అంది. ఆ పాటలు సరైనవో కావో తేల్చే పని మనది కాదని, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయడమే మన పనని చెప్పాను. ఇప్పటికి నాలుగు ఊళ్లు తిరిగింది. కర్బలా పాటలు పాడేవాళ్లలో హిందువులు, ముస్లింలు ఇద్దరూ ఉన్నారు. పాటల్లో అరిగిపోయిన ఉర్దూ, ఫార్సీ మాటలు పట్టుకోవడానికి మౌలానా భాయ్ సాయం చేస్తున్నాడు. ఫోన్‌లో రికార్డింగు పెట్టి ఇద్దరూ లైబ్రరీ మెట్ల మీద కూర్చుంటారు, ఒకే ముక్క పదిసార్లు వింటారు.

పోయిన వారం గీత గీసి తెచ్చింది. నాలుగు ఊళ్ల గీతలూ పైకి వెళ్లి ఒక్క ముసలమ్మ దగ్గర కలుస్తున్నాయి. ఆమెకు ఎవరు నేర్పారో ఆమెకే గుర్తులేదు. ఆ పేరు చోట ఖాళీ వదిలి పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టింది. వచ్చే మొహర్రంకు పక్క మండలం కూడా తిరిగి వస్తానంటోంది.